జ్యోత్స్న అని కొట్టమ్మా

న్యూజిలాండ్‌లో, లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో, పక్క సీటు ఆంటీ నా లాప్‌టాప్‌లో తెలుగు చూసి ముచ్చటపడింది. అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో వత్తులు చెదిరిపోయే బగ్ సరిచేశానని, రేపే రిలీజని గొప్పగా చెప్పాను.

“ఏదీ, జ్యోత్స్న అని కొట్టమ్మా.”

కొట్టాను. ‘న’ వత్తు ఊడి పక్కన పడింది.

“ఎక్కడ కొట్టినా ఇంతే. శుభలేఖలో కూడా ఇలాగే అచ్చయింది,” అంటూ ఆవిడ కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిలో వేలితో ఆ పేరు రాసింది. “ఇదిగో, ఇలా రావాలి.”

రిలీజ్ ఆపించి, ఆ వత్తు కుదిరాకే వదిలాం.

ఇప్పటికీ ఎవరు ఏ బగ్ సరిచేసినా మొదట ఆ పేరే కొట్టి చూస్తాను. ఇంతవరకూ మళ్లీ చెదరలేదు. ఆ శుభలేఖలోని జ్యోత్స్న ఆవిడేనో, ఆవిడ కూతురో మాత్రం అడగలేదు.