రెండు కిటికీల కొట్టు

బస్టాండు మూలనున్న సిగరెట్ల కొట్టుకు రెండు కిటికీలు. వీధివైపు కిటికీలో పిన్ని కూర్చుంటుంది, బస్సులవైపు కిటికీలో బాబాయి. లోకానికంతటికీ పిన్నీ బాబాయీ అయిన ఈ మొగుడూ పెళ్ళాలకు ఏళ్ళుగా మాటల్లేవు. మధ్యలో చెక్క గోడ. ఆ గోడ కట్టించింది పిన్నే. దానికి కారణం ఒక లైటరు.

సిగరెట్టు కొన్నవాళ్ళ సౌకర్యం కోసం బాబాయి కిటికీకి దారం కట్టి లైటరు వేలాడదీశాడు. వెలిగించుకున్నవాడు ఒక పట్టాన కదలడు. అక్కడే నిలబడి, పొగ వదులుతూ దేశాన్ని బాగుచేస్తాడు. ఆ పొగలోకి, పిన్ని అమ్మే బిస్కెట్లు కొనిపెట్టడానికి ఏ తల్లీ పిల్లను తీసుకురాదు. పిన్ని దారం కత్తిరించింది. బాబాయి మళ్ళీ కట్టాడు. ఆవిడ మళ్ళీ కత్తిరించింది. మూడోసారి దారంతో పాటు మొగుణ్ణీ తెంచుకుందామనుకుంది గాని, ఉన్న ఇల్లు ఒక్కటే కావడంతో, వడ్రంగిని పిలిచి కొట్టును మాత్రం చీల్చింది.

అప్పట్నుంచి ఎవరి గల్లా వారిది, ఎవరి సరుకు వారిది. చిల్లర కావలసివస్తే కొనడానికొచ్చినవాళ్ళ చేతే కబురు: "అవతలాయనకు చెప్పు నాయనా, చిల్లర పంపమని." ఇంట్లోనూ అంతే, కంచం బల్లమీద పెట్టిన చప్పుడే భోజనానికి పిలుపు. దాంపత్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒప్పుకోరు గాని, ఇలాంటి కాపురాలు బ్రహ్మాండంగా నడుస్తాయి.

నడుస్తున్న కాపురాన్ని పొగాకు లైసెన్సు చెడగొట్టింది. జనం ఊపిరితిత్తుల మీద జాలిపడి మున్సిపాలిటీ కొత్త ఫీజు పెట్టింది. ఫీజు కట్టినవాడు అమ్మిన పొగ ఊపిరితిత్తులకు ఏ మేలు చేస్తుందో మాత్రం చెప్పలేదు. కొట్టుకొక ఫీజు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు రెండు కిటికీలు, రెండు గల్లాలు, నడుమ గోడ చూసి తేల్చేశాడు.

"రెండు కొట్లమ్మా. రెండు లైసెన్సులు."

"ఒకటే కొట్టు సార్! ఆయన నా మొగుడు."

"ఆ మాట ఆయన్ని పిలిచి చెప్పించండి."

పిన్ని చెక్క గోడ వంక చూసింది. పిలవాలంటే మాట్లాడాలి మరి.

"సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే రెండూ కట్టండి. లేదా ఒక కిటికీలో సిగరెట్లు మానేయండి."

రెండు ఫీజులు కడితే ఏడాది లాభం పొగైపోయినట్టే. ఒక కిటికీలో మానేస్తే అక్కడ ఈగలు తోలుకోవాలి. ఎవరు తోలుకోవాలో తేల్చుకోవడానికైనా మాట్లాడుకోక తప్పదు. ఆదివారం పిన్ని సుత్తి తెచ్చి, కిమ్మనకుండా గోడ పీకడం మొదలుపెట్టింది. అవతలినుంచి బాబాయి కిమ్మనకుండా చెక్కలు అందుకున్నాడు. గోడ పోయింది. నోళ్ళకు కొట్టుకున్న మేకులు మాత్రం ఊడలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గోడ లేదు, గల్లా ఒకటే ఉంది. తృప్తిగా తలాడించి, జేబులోంచి తన సిగరెట్టు తీసి నోట పెట్టుకున్నాడు.

"నిప్పుందామ్మా?"

"మా దగ్గర ఉండదు సార్. ఆ పక్క కొట్లో అడగండి" అంది పిన్ని, ఇన్నేళ్ళూ అందరికీ చెప్పినట్టే.

"పక్క కొట్లోనా?" సిగరెట్టు ఆయన పెదవి మీదే ఆగిపోయింది.

పిన్ని నాలుక కరుచుకుంది. బాబాయి కంగారుగా తన కిటికీ దగ్గరి లైటరును లాగి, ఆమె ముందునుంచి ఇన్‌స్పెక్టరుకు చాపాడు. దారం కొత్తది. ఆ కిటికీనుంచి ఈ కిటికీకి సరిగ్గా అందుతోంది.

"ఇంత పొడుగు దారం ఎందుకయ్యా? నా కిటికీలోకి రావాలనేగా!" అని పిన్ని మొగుడిమీద విరుచుకుపడింది.

"గోడ పీకింది నువ్వేగా! ఇద్దరికీ ఒక్క లైటరు చాలదా?"

"చాలు చాలు! నీ పొగరాయుళ్ళందర్నీ నా బిస్కెట్ల మీదికి తోలాలని చూస్తున్నావు."

"నీ బిస్కెట్లు అమ్ముడవనిది పొగకు కాదే, మెత్తబడి! డబ్బాకు మూత సరిగ్గా పెట్టి చావవు."

"ఇన్నేళ్ళూ చెప్పవేం మరి?"

"ఎవరికి చెప్పను? గోడకా?"

ఇన్‌స్పెక్టరు ఈలోగా తీరిగ్గా వెలిగించుకున్నాడు. కాగితం మీద 'ఒక కొట్టు' అని రాసి, "పక్క కొట్టువాళ్ళతో ఎవరూ ఇంత ప్రాణం పెట్టి పోట్లాడరు లెండి" అని బస్సెక్కేశాడు.

బాబాయి మూలనున్న చెక్కల వంక చూశాడు. "మళ్ళీ కొట్టించెయ్యనా?"

పిన్ని బిస్కెట్ల డబ్బాకు మూత బిగించింది. "ఆ లైసెన్సు ఏడాదికేనట. మళ్ళీ వస్తాడు. ఏటేటా పీకే ఓపిక నాకు లేదు. ఉండనీ."

కత్తెర మాత్రం చేతికందేలా గల్లా పక్కనే పెట్టుకుంది.