మూడో కాలి అతుకు

మోషే హైదరాబాదు కొత్తగూడలో కాపురం పెట్టేనాటికే అతని కుడిచెవికి వినికిడి పూర్తిగా పోయింది. నరసాపురం దగ్గర వలలు వేసేవాళ్ల ఇంట్లో పుట్టి, ఇరవై రెండో ఏట బొంబాయి వెళ్లి, సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫాంల కింద డైవరుగా పదిహేనేళ్లు మునిగి తేలాడు. చెవి పోయాక డాక్టర్లు ఇక నీళ్లు వద్దన్నారు. భార్య ఎస్తేరుకు హైదరాబాదులో నర్సు ఉద్యోగం దొరకడంతో ఇక్కడికి వచ్చి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేరాడు. పాత డ్రాయింగులు, కాగితాలు సరిచూడడం అతని పని.

1999 వేసవిలో ఆ కంపెనీకి ఒక బాధ్యత వచ్చిపడింది. పశ్చిమ సముద్రంలో వయసు మళ్లిన ఒక ప్లాట్‌ఫాంను ఎలా తొలగించాలో తేల్చి చెప్పాలి. నీళ్లలో నాలుగు కాళ్లమీద నిలబడ్డ ఉక్కు చట్రాన్ని పెద్ద క్రేన్ ఓడతో ఒక్కపెట్టున ఎత్తేయవచ్చని లెక్కలు చెప్పాయి. ఆ లెక్కలకు ఆధారమైన తనిఖీ కాగితాలు తిరగేస్తూ మోషే ఒకచోట ఆగిపోయాడు. ‘మూడో కాలు, అడుగు అతుకు: బాగుంది.’ కింద పదిహేనేళ్ల నాడు డైవరుగా తాను చేసిన సంతకం.

ఆ రోజు బాగా గుర్తుంది. వానాకాలం ముంచుకొస్తోంది. అడుగునంతా బురద, చాచిన చెయ్యి కనబడలేదు. ప్రవాహం లాగేస్తుంటే భయపడి పైకి వచ్చేశాడు. పైవాళ్లు తొందరపెడితే రాసిచ్చేశాడు. తర్వాత వచ్చినవాళ్లు అదే చూసి రాసుకుంటూ పోయారు.

మూడు రోజులు ఆ కాగితాన్నే తీసి చూస్తూ వచ్చాడు. చివరికి ఎస్తేరుతో చెప్పాడు.

“చూడకుండానే చూశానని రాశారా?” అందామె. “రోగి జ్వరం చూడకుండా నేను చార్టులో అంకె వేస్తే మీరు ఒప్పుకుంటారాండి?”

మర్నాడు మేనేజరు రామ్మోహనరావు గదిలో నిలబడి అంతా చెప్పేశాడు.

“పదిహేనేళ్లకు గుర్తొచ్చిందా మోషే? శుక్రవారం రిపోర్టు పంపాలయ్యా!”

“ఎత్తేటప్పుడు ఆ కాలు ఊడితే కింద ఓడమీద మనుషులుంటారండి. నా తప్పు నా పేరుతోనే రాసి పంపండి.”

వానలు పడకముందే డైవర్లు దిగి చూశారు. అతుకు చుట్టూ వేలు దూరేంత పగులు. ఎత్తే ఆలోచన అక్కడితో పోయింది. ఇక రెండే దారులు: డైవర్లను నెలల తరబడి దించి ముక్కలుగా కోయించడం, లేదా పైభాగం మాత్రం కోసి తీసుకుని, కాళ్ల మొదళ్లను సముద్రం అడుగునే వదిలేయడం.

“మన ఆఫీసులో నీళ్లలోకి దిగినవాడివి నువ్వొక్కడివే. ఏది రాయమంటావు?” అని రామ్మోహనరావు అడిగాడు.

“మనుషుల్ని దించొద్దండి. మొదళ్లు వదిలేద్దాం.” అన్నాక అతనికి నరసాపురం దగ్గర ఊళ్లో ఇంకా చేపల వేటకు వెళ్తున్న తమ్ముడు మెదిలాడు. ఆ తీరం వేరైనా, ఈ మొదళ్లకు తగులుకునేదీ అలాంటివాళ్ల వలే. “ఆ చోటు సముద్ర పటాల్లో గుర్తుపెట్టాలని కూడా రాయండి.”

“పటాలు చూసి వల వేస్తారా మీవాళ్లు?”



రిపోర్టు అలాగే వెళ్లింది. కంపెనీ అతన్ని తనిఖీ కాగితాల జోలికి రానివ్వకుండా ఫైళ్ల గదికి మార్చింది. అతను ఎదురు చెప్పలేదు. తమ్ముడికి ఈ సంగతంతా ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాడు. అక్కడ వల తగులుకుని చిరిగేది ఎవరిదైనా, మొదళ్లు వదిలేయమని చెప్పింది తానేనని ఎలా రాయాలో తోచక, రెండుసార్లూ లేచిపోయాడు.