తప్పు పైనున్న పలకలది

పుంగనూరులో డిష్ కదిలిందంటే జనం హరినాథ్‌ను పిలుస్తారు. సొంతూరు కుప్పం. అక్కడే పని నేర్చుకుని, పెళ్లయ్యాక ఇక్కడ స్థిరపడ్డాడు. బోల్టు బిగించాక దాని మీదుగా భార్య స్వర్ణ గోళ్ల రంగుతో ఒక గీత గీస్తాడు. గీత తెగలేదంటే డిష్ కదలలేదన్నమాట.

వరమ్మ ఇంటి మీద గీత తెగలేదు. ఇంట్లో చూసే చానళ్లన్నీ వస్తున్నాయి, ఆమె ప్రార్థనలు వినే చానల్ తప్ప. మోకాళ్ల నొప్పులతో చర్చికి పోలేని వరమ్మకు ఆదివారమంటే ఆ చానలే. కోడలు బీనా మదనపల్లెలో ఆసుపత్రి డ్యూటీకి పోయిందంటే ఇంట్లో ఆమె ఒక్కతే.

"పక్కింటి రుక్మిణమ్మ మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించిన వారమే ఇది పోయెనప్పా. అవే లాక్కుంటాండాయేమో?" అంది వరమ్మ.

హరినాథ్‌కు కారణం తోచలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ.

"ఏమోమ్మా, అయినా కావచ్చు" అనేసి బండెక్కాడు.

ఆ సాయంత్రమే పలకలు తీసెయ్యమని వరమ్మ గోడ దగ్గర గొడవ పెట్టుకుంది. "నీ పాటల్ని నా మిద్దె మీద యాల దాసిపెట్టుకుంటా?" అంది రుక్మిణమ్మ. రోజూ గోడ మీదుగా రుక్మిణమ్మ అందించే పాలచెంబు మర్నాటి నుంచి ఆగిపోయింది.

సంగతి విన్న స్వర్ణ, "కలిపే పనికి పొయ్యి ఇద్దర్నీ ఇడదీసి వచ్చినావే" అంది.

హరినాథ్ ఆ రోజే చానల్ వాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు చెప్పింది విని, నేరుగా వెళ్లి ఇద్దర్నీ గోడ దగ్గరికి పిలిచాడు.

"తప్పు పలకలదేమ్మా. అయితే ఈయమ్మవి కాదు, పైన ఉపగ్రహానికి ఉండేటివి. ఆ పొద్దు తెలీక నోరు జారినాను."

ఉపగ్రహానికి కరెంటు దాని సోలార్ పలకలే ఇస్తాయి. అక్కడ గాలి పొర అడ్డం లేదు. సూర్యుడి నుంచి వచ్చే కంటికి కనబడని రేణువులు ఏళ్ల తరబడి పలకల్లోకి దూసుకుపోతాయి. పైన గాజు కప్పు ఉన్నా అన్నిటినీ ఆపలేదు. లోపల కొంచెం కొంచెంగా చెడిపోయి, అంతే ఎండకు ఏటికేడు తక్కువ కరెంటు పుడుతుంది. అన్నిటికీ చాలక కొన్ని చానళ్లను ఆపేశారు. అందులో ఒకటైన వరమ్మ చానల్ ఇంకో ఉపగ్రహానికి మారింది, డిష్‌ను అటు తిప్పాలి.

"అయితే నావీ అట్లే పోతాయా?" అంది రుక్మిణమ్మ.

"నీవాటికి గాలి అడ్డముండాదిలేమ్మా. దుమ్ము తుడుస్తాండు."

"పైకి పొయ్యి మార్చేవాళ్లు లేరా?" అడిగింది వరమ్మ.

"అంత నిచ్చెన యాడుండాదమ్మా?"

రుక్మిణమ్మ నవ్వింది. వరమ్మ నవ్వకుండా లోపలికెళ్లి టీవీ ముందు కూర్చుంది.

హరినాథ్ మిద్దెక్కి, గీత తెంపి, డిష్‌ను మెల్లగా తిప్పసాగాడు. బొమ్మ వచ్చిందో లేదో కింద నుంచి ఎవరైనా చెప్పాలి. వరమ్మ గొంతు మిద్దె మీదికి వినబడదు. ఎవరూ అడక్కుండానే రుక్మిణమ్మ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"వచ్చెనా?"

రుక్మిణమ్మ కిటికీ తట్టింది.

"వరమ్మా, నిన్నే. వచ్చెనా?"

"రాలేదు" అంది వరమ్మ, టీవీ వైపే చూస్తూ.

"రాలేదంటాండాది, ఇంకొంచెం తిప్పప్పా!"

అలా చాలాసేపు ఆ ఒక్క మాటే కిటికీలోంచి అటూ ఇటూ తిరిగింది. చివరికి లోపల పాట మొదలైంది.

"వచ్చె. బయట యాల నిలబడేది, లోపలికొచ్చి కూసో" అంది వరమ్మ.