సగం సగం కాదు, బిడ్డా

"బిడ్డా, టీచరమ్మ పోయింది" అని మొన్న పొద్దుగాల అమ్మ ఫోన్ చేసింది. నేను క్లాసుకు పోతున్న. మెట్ల మీదనే మర్లి ఇంటి తొవ్వ పట్టిన.

మీరు ఆమెను ఎరుగరు. చార్మినార్ వెనుక మా గల్లీల ఉండేది. సర్కారు బడిల లెక్కలు చెప్పి రిటైరైంది. సాయంత్రాలు ముందటి గదిల ఆడపిల్లలకు ఉత్తగనే చెప్పేది. చాయ సాసర్ల పోసుకొని ఊదుకుంటనే మా తప్పులు దిద్దేది.

ఇంటర్ల నేను లెక్కలు ఫెయిలైన. "ఇగ సాలు, దుకాణంల కూసో" అన్నడు బాపు. మాది గాజుల దుకాణం. మర్నాడే టీచరమ్మ అక్కడికొచ్చి మూడు రంగుల గాజులు నా ముందట పెట్టింది.

"వరుసగ ఎన్ని తీర్ల పేర్చొచ్చు?"

మార్చి మార్చి పెట్టిన. ఆరు. నాలుగోది ఇచ్చింది. ఇరవై నాలుగు.

"పది రంగులైతే?" బాపే అడిగిండు.

"ముప్పై ఆరు లక్షల పైననే. నిమిషానికొక్కటి, తినకుండ పండకుండ పేర్చినా ఏడేండ్లు కావస్తది. పేర్చకుండ తెలుసుకునేటందుకే లెక్క. పిల్లను పంపు."

బాపు గాజుల దిక్కే చూసుకుంట, "పంపుత" అన్నడు.

ఆమెకు ఒక్క మాటకే కోపమొచ్చేది. "పాసైతనో ఫెయిలైతనో, సగం సగం" అని ఎవరన్నా అంటే చాక్‌పీస్ కింద పెట్టేది. "రెండే సంగతులున్నయని సగం సగం కాదు, బిడ్డా. రెండూ సమానంగ జరిగేటివైతేనే సగం."

నేను పాసైన. ఇయ్యాల నేనూ లెక్కలే చెప్తున్న.

పోయిన నెల ఆమెను దవాఖానల చూడవోయిన. కడుపుల గడ్డ. ఇగ చేసేదేం లేదని డాక్టరు బయటనే చెప్పిండు. లోపలికి పోంగనే, "ఏమన్నడు?" అని ఆమె నన్నే అడిగింది.

"నయమైతదో లేదో, సగం సగం అన్నడు, టీచరమ్మా."

నా మొఖం దిక్కు చూసింది. దిద్దుతదనుకున్న. దిద్దలే. నా చెయ్యి నిమిరి, "మంచిది, బిడ్డా" అన్నది. నా తప్పును ఆమె దిద్దకుండ వదిలేసింది ఆ ఒక్కనాడే. నేను బయటికొచ్చి ఏడ్చిన.

పాడె లేపే యాల్లకు ఆమె దగ్గర లెక్కలు నేర్చుకునే ఆడపిల్లలు బడి సంచులతోనే వచ్చిండ్రు. కొందరు బురఖాలల్ల, కొందరు రెండు జడలతోని. గల్లీ ఇరుకు. చెప్పులు విడిచి, దారి ఇచ్చేటందుకు గోడకు ఆనుకున్నరు. ఓ ఆటో ఆయన ఇంజన్ బంద్ చేసిండు. పాడె మలుపు తిరిగిపోయింది. చానసేపు ఎవ్వరూ చెప్పులు తొడుక్కోలే.