సమ్మె టెంటులో రాజీ

రబియాబీ చేసిన తప్పేమిటో చెబితే నవ్వుతారు. ఇరవై రెండేళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. "బాగలేవని మా బీడీలు ఇరిచేసి కూలి కోస్తున్రు గద, జర మా కండ్ల ముంగట ఇరువుండ్రి" అని కార్ఖానాలో అడిగింది. అంతే, మేనేజరు రామచందర్ ఆమె పేరు కొట్టేశాడు. ఆమెకు ఇంకో పని రాదు.

పక్కింటిదాన్ని, అదే కార్ఖానాకు బీడీలు చుట్టేదాన్ని కనుక సిద్దిపేట లేబరాఫీసుకు నేనూ తోడు పోయాను. అక్కడ రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదురుస్తారట. ఏం కుదర్చడమో, నా తలకాయ! మొదటి పిలుపు రోజున బంద్. రెండో పిలుపుకు మేనేజరు రాలేదు. మూడో పిలుపు నాటికి సకల జనుల సమ్మె. ఆఫీసుకు తాళం, ఆఫీసరేమో బయట టెంటులో. తెలంగాణ రావాలి, ఎవరు వద్దన్నారు? వంటావార్పు రోజు మేమిద్దరం కూడా రోడ్డు మీద వండినవాళ్లమే. మరి మా పంచాయితీ తెంపేదెవరు?

విచిత్రంగా ఆ రోజు మేనేజరు వచ్చాడు. రబియాబీ వదల్లేదు, అతన్ని టెంటులోకే తీసుకుపోయింది. చెప్పొద్దూ, ఆఫీసరు మాటకారి. అరగంటలో మేనేజరును మెత్తబరిచాడు. సోమవారం నుంచి ఆమె పనిలోకి రావాలి, బాగలేని బీడీలను చుట్టినవాళ్ల ముందే విరవాలి. కాగితం నేనే రాశాను. ఇద్దరూ సంతకాలు చేశారు. పెన్ను ఆఫీసరుకు ఇవ్వబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పెన్‌డౌన్ల ఉన్నమమ్మా. ఇప్పుడు సంతకం పెడితే మావోళ్లు ఊకుంటరా?"

"మీ సంతకం లేని కాగితం నాకెందుకు సార్? మా సేటుకు ఏం చూపియ్యాలె?" అని మేనేజరు కాగితం నా చేతిలో పెట్టి బండెక్కి పోయాడు.

నాకు ఒళ్లు మండింది. అరగంటసేపు నోరు పనిచేయవచ్చట, ఒక్క గీత గీయడానికి చెయ్యి పనిచేయకూడదట! తిట్టబోతుంటే రబియాబీ నన్ను ఆపింది.

"సార్, నెల సంది నువ్వు పనికి పోతలేవు. నీ పేరు కొట్టేసిన్రా?"

"లేదమ్మా."

"నేను ఒక్క మాట అడిగిన. నా పేరు కొట్టేసిన్రు."

ఆమె బుర్ఖా సర్దుకుని ఆయన పక్కనే కింద కూర్చుంది.

"గిదేందమ్మా, లే. ఇంటికి పో. సమ్మె అయినంక చూద్దం."

"పోయి ఏం జెయ్యాలె సార్? ఒళ్లె బీడీ ఆకు లేకున్నా నా చేతులు చుడుతనే ఉంటున్నయ్. మా బిడ్డ హీబా చూసి ఏడుస్తున్నది."