అమ్మ చెప్పిన రుచి

మా ఇంట్లో ఊరగాయ జాడీల పక్కన ఒక ఎర్ర వైను సీసా ఉండేది. నాన్న దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో, కొత్త మిషను బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడు. మా ఇంట్లో గోంగూర అన్నం తిని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా మళ్లీ వడ్డించమన్నాడు. వెళ్లేటప్పుడు అమ్మ ఆవకాయ ఇస్తే, బదులుగా ఆయన ఈ సీసా ఇచ్చాడు. చాలా పేరున్న ద్రాక్షతోటలో తయారైందట. ఎంతకాలం దాస్తే అంత బాగుంటుందని నాన్నకు పదేపదే చెప్పాడట.

దాచడం గురించి మా అమ్మకు ఒకరు చెప్పాలా? మందు వాసనంటేనే గిట్టని మనిషి, ఆ సీసాను మాత్రం ఊరగాయలాగే చూసుకుంది. ఏటా వేసవిలో జాడీలతో పాటు దాన్నీ మిద్దె మీద ఎండకు పెట్టేది. "ఎండ తగలకపోతే బూజు పడుద్దిరా" అనేది. పల్నాడు ఎండంటే మాటలా! వైనుకు చీకటీ చల్లదనమూ కావాలని ఫోనులో చదివి చెప్పేసరికి చాలా వేసవులు గడిచిపోయాయి. నాన్న నన్నే కసిరాడు.

"మీ అమ్మ చెయ్యి పడ్డది ఏదీ చెడదురా."

ఎప్పుడు తీస్తావని అడిగితే "ఇంకా మాగనియ్యి" అనేవాడు. రిటైరైనప్పుడు తీయలేదు. నా పెళ్లికీ తీయలేదు. పోయిన ఏడాది ఆయన నాలుక మీద పుండు లేచింది. అంతా ఖైనీ పుణ్యం. గుంటూరులో డాక్టరు నాలుక సగానికి పైగా తీసెయ్యాలన్నాడు. ఆ తర్వాత రుచి సంగతి అటుంచి, మాట కూడా సరిగా రాదన్నాడు. ఇంటికొచ్చి నాన్న అడిగింది ఒక్కటే.

"ఆ సీసా దించండి. నాలుకుండగానే చూద్దాం."

ఆసుపత్రికి బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం దించాం. బిరడాలోకి స్క్రూ బిగించి, కటింగ్ ప్లేయరుతో నాన్నే లాగాడు. పుల్లటి వాసన గుప్పుమంది. ఒక చుక్క నోట్లో వేసుకుని చూశాను. పళ్లు జివ్వుమనే పులుపు, ఇంకేమీ లేదు. చెడిపోయిందని నేను అనేలోపే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎండకు పెట్టింది తనే.

నాన్న స్టీలు గ్లాసులో ఒక గుక్క తీసుకుని, పుండు మండుతున్నా చాలాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

"మంట తప్ప ఏం తెలీటంలా. ఏమే, నువ్వు తాగి చెప్పు, ఎట్టుందో."

జన్మలో మందు ముట్టని మా అమ్మ గ్లాసు అందుకుని తాగింది. మొహం కూడా చిట్లించలేదు.

"నేరేడుపండు గుజ్జులాగుందయ్యా. ముందు వగరు, మింగినాక తీపి. పాత బెల్లం కుండ మూత తీస్తే వచ్చిద్దే, ఆ వాసన. చానా బాగుంది."

"ఒట్టెయ్యి."

అబద్ధపు ఒట్టు వేస్తే తల పగులుతుందని చిన్నప్పుడు నన్ను హడలగొట్టిన మనిషి ఆమె. ఒక్క క్షణం నాన్న వైపు చూసి, తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుంది.

"నా మీద ఒట్టు."

"అయితే ఇంకో గుక్క తాగవే."

తాగింది. నాన్న ఆమె మొహమే చూస్తూ తన ఖాళీ నోటిని చప్పరించాడు.

"ఇన్నాళ్లు ఆగింది వృథా పోలా" అన్నాడు.

ఆపరేషను అయింది. బతికాడు. ఇప్పుడు ఆయన మాట అమ్మ ఒక్కదానికే అర్థమవుతుంది. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఆ ఖాళీ సీసా తెచ్చి వాళ్ల ముందు పెడతాడు, ఎట్టుందో చెప్పమని అమ్మకు సైగ చేస్తాడు. అమ్మ ప్రతిసారీ నేరేడుపండు దగ్గర మొదలుపెడుతుంది. ఈమధ్య ఎవరూ అడగకుండానే నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టు కూడా వేస్తోంది. నాకు ఏడుపొస్తుంది.