మన వైపు అంటే ఎటు?

మా వదిన చేసిన ముక్కల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంట్లో ఆడపడుచుని, వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టర్ని. "పగవాళ్లకి కూడా వద్దమ్మా, ఈ రెండూ ఒకే మనిషిలో!" అని నా ఎదురుగానే అందరికీ చెప్పుకుంటుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? తను చేసిన ముక్కలో వెంట్రుకంత తేడా కనిపించినా ఎర్రరంగు పూసి పక్కన పడేస్తాను. అన్నం పెట్టే చెయ్యే కదా అని ఏనాడూ వదిలిపెట్టలేదు. వదిలిపెడితే ముందు తనే నన్ను తిట్టేది.

మాది పంపులకు కావలసిన భాగాలు చేసే చిన్న వర్క్‌షాపు. రేకుల కప్పు కింద వరసగా కంప్యూటర్ మిషన్లు ఉంటాయి. ఇనుప దిమ్మెను టేబుల్ మీద బిగించి తలుపు మూస్తే, రాసి పెట్టిన ప్రోగ్రాం ప్రకారం డ్రిల్లు పైనుంచి దిగి రంధ్రాలు వేస్తుంది. వరస చివర కొలతల బల్ల నాది. నేను చేరిన కొత్తలో ఆ రొదలో "వదినా!" అని ఈ చివరి నుంచి ఆ చివరికి అరిచేదాన్ని. అది విని విని షాపంతా ఆమెను వదిన అనడం మొదలుపెట్టారు. ఆమె తండ్రి వయసున్న యజమానికి కూడా ఇప్పుడు ఆమె వదినే.

వదిన మొదట వచ్చింది మిషన్ల కింద పడే ఇనుప పొట్టు ఊడవడానికి. ఊడ్చేవాళ్లు ఊడ్చి వెళ్లిపోతారు. ఈవిడ మాత్రం చీపురు పట్టుకుని ఆపరేటర్ భుజం మీదుగా తొంగి చూస్తూ నిలబడేదట. ఏ మీట నొక్కితే ఏం కదులుతుందో, ఏ చప్పుడు వస్తే డ్రిల్లు మొద్దుబారినట్టో అలా నిలబడే నేర్చుకుంది. ఒకరోజు ఆపరేటర్ రాకపోతే "నేను నడుపుతాను" అని యజమానికి చెప్పింది. అడగలేదు, చెప్పింది. ఇప్పటికీ అదే వరస. పట్టు పట్టిందంటే మా అన్నయ్య కూడా నోరు మూసుకుని కూర్చుంటాడు.

ఆమె మిషన్ మీద ఎక్కువగా వచ్చే పని ఒక పంపు భాగం. దిమ్మెకు నాలుగు వైపులా రంధ్రాలుండాలి. డ్రిల్లేమో పైనుంచే దిగుతుంది. అంటే ఒక వైపు అయ్యాక దిమ్మెను పట్టి ఉంచే వైస్ వదులు చేసి, పొట్టు తుడిచి, దిమ్మెను తిప్పి, హ్యాండిల్ మీద ఒంటి బరువంతా వేసి మళ్లీ బిగించాలి. సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. ఇలా ప్రతి ముక్కకూ నాలుగుసార్లు. తిప్పిన ప్రతిసారీ రవ్వంత తేడా రావచ్చు కాబట్టి నా ఎర్రరంగు డబ్బాకు కూడా పని ఎక్కువే.

ఆ హ్యాండిల్ ఆమె కుడి భుజాన్ని తినేసింది. బిగించడాలు మానకపోతే చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పటికే జడ వేసుకోలేకపోతోంది. పొద్దున్నే నా ముందు పీట వేసుకుని కూర్చుంటే నేనే వేసేదాన్ని. దువ్వెన చిక్కుల్లో పడ్డప్పుడు కూడా ఉలకదు. భుజం తగిలితే మాత్రం ఊపిరి బిగబట్టేది. నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది కాబట్టి "కదలకుండా కూర్చో, వంకర వస్తోంది" అని కసిరేదాన్ని.

యజమాని చెడ్డవాడు కాదు. "ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చో వదినా. జీతం ఏం తగ్గదులే" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆవిడ మొహం కందగడ్డ అయింది.

"అట్టపెట్టెలకి టేపు అంటించడానికా సార్ నేను ఇదంతా నేర్చుకుంది? నా మిషన్ నాకు కావాలి."

"మిషన్ నడపాలంటే చెయ్యి ఉండాలి కదమ్మా."

"దిమ్మెని నేను తిప్పకుండా మిషనే తిప్పుకుంటే?"

స్టోరు గదిలో గోనెపట్టా కింద ఒక రోటరీ టేబుల్ పడి ఉంది. మిషన్‌తో పాటే వచ్చింది గానీ ఎవరూ బిగించిన పాపాన పోలేదు. దానికి దిమ్మెను ఒక్కసారి పట్టిస్తే చాలు, ప్రోగ్రాం చెప్పినప్పుడల్లా అదే గుండ్రంగా తిరిగి ఒక్కో వైపునూ డ్రిల్లు కిందికి తెస్తుంది. ఊడ్చే రోజుల్లోనే వదిన దాని మీద కన్నేసింది. యజమాని కాసేపు గడ్డం గోక్కున్నాడు. సోమవారం నుంచి ఆ పంపు భాగాలు రెట్టింపు కావాలని కబురొచ్చి ఉంది మరి.

"సరే. శనివారం భోజనాల గంట కొట్టేలోపు ఒక్క మంచి ముక్క నా చేతిలో పెట్టు, మిషన్ నీది. పెట్టలేకపోయావో, మారుమాట లేకుండా ప్యాకింగ్‌కి వెళ్లాలి."

"వెళ్తాను" అంది. మాట ఇస్తే తప్పే మనిషి కాదు.

ఆ వారమంతా ఆవిడను చూసి తీరాలి. గొలుసు కప్పీతో రోటరీని ఎత్తించి టేబుల్ ఎడమ చివర కూర్చోబెట్టించింది. కుడి చివర డ్రిల్లును చల్లబరిచే కూలెంట్ గొట్టాలు అడ్డం వచ్చాయి. దాని నడిమధ్య ఎక్కడుందో పట్టుకోవడానికి వెంట్రుకంత తేడాకీ కదిలే డయల్ ముల్లు ఆనించి, ఎడమచేత్తో తిప్పుతూ, ముల్లు కదలడం ఆగేదాకా సరిచేస్తూనే ఉంది. హ్యాండిల్ బదులు కాలితో మీట నొక్కితే గాలి ఒత్తిడితో దిమ్మెను పట్టుకునే బిగింపు పెట్టించింది. పొట్టు ఊదేయడానికి గాలి గొట్టం, పనయ్యాక పిలవడానికి పచ్చదీపం కూడా అమర్చారు.

ప్రోగ్రాం రాసింది అద్దాలాయన. మిషన్ల వెనక మేడమీద అద్దాల గదిలో కూర్చుంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మంచి పనిమంతుడు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మిషన్ బొమ్మంతా వేసి, దిమ్మె తిరుగుతుంటే డ్రిల్లు ఎక్కడెక్కడికి పోతుందో తెర మీదే ముందు నడిపించి చూశాడు. పొడుగు డ్రిల్లు రోటరీ ఒంటికి కొట్టుకుంటుందని అలాగే కనిపెట్టాడు. ఆ సంగతి మిషన్ మీద తెలిసి ఉంటే డ్రిల్లూ పోయేది, రోటరీ పోయేది, వదిన మిషన్ కూడా పోయేది.

శుక్రవారం అతను పైనుంచి ఫోన్ చేశాడు. నేను వదిన పక్కనే ఉన్నాను.

"వదినా, రోటరీ తిరిగేటప్పుడు దిమ్మె పైవైపు ఎటు వాలుతోంది?"

"మన వైపే."

"మన వైపే కదా? సరే అయితే" అని పెట్టేశాడు.

శనివారం పొద్దున వదిన కాలితో మీట నొక్కి, తలుపు మూసి, బటన్ నొక్కింది. యజమాని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక వైపు అయింది, రోటరీ తిరిగింది. ఇంకో వైపు అయింది, మళ్లీ తిరిగింది. ఎవరూ తలుపు తెరవలేదు, ఎవరూ హ్యాండిల్ ముట్టుకోలేదు. పచ్చదీపం వెలగగానే వదిన ముక్క తీసి తుడిచి నా బల్ల మీద పెట్టింది. నా మొహంలోకి చూడకుండా పక్కకి తిరిగి నిలబడింది.

కొలిచాను. ప్రతి రంధ్రం అచ్చు గుద్దినట్టు ఉంది. ఆవిడ చేతిమీద కూడా అంత బాగా వచ్చిన ముక్కను నేను చూడలేదు. నోటిదాకా వచ్చిన "ఓకే"ని మింగి, దాని మీద కూర్చోవలసిన పంపు మూత పెట్టి చూశాను. కూర్చోలేదు. తిప్పి పెట్టాను. కూర్చోలేదు. డ్రాయింగ్ ముందు పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. నీళ్లు లోపలికి రావలసిన వైపున బయటికి పోయే దారి ఉంది. కొలతలన్నీ సరే, కుడి ఎడమైంది. అద్దంలో చూసినట్టు ముక్క మొత్తం తిరగబడి వచ్చింది.

ఎర్రరంగు డబ్బా తెరిచాను. నా బతుకులో ఏ ముక్కకీ అంత బాధపడలేదు. అయినా పూశాను.

యజమాని నిట్టూర్చాడు. "పోనీలే వదినా. ప్రయత్నం చేశావు."

"గంట ఇంకా కొట్టలేదు సార్" అంది వదిన. గొంతులో ఏ మార్పూ లేదు. "అద్దాలాయన్ని కిందికి పిలవండి."

అతను మెట్లు దూకుతూ వచ్చాడు. ముక్కను చూడగానే మొహం పాలిపోయింది.

"రోటరీ తిరిగే దిక్కు తప్పింది. కానీ నేను నిన్న అడిగాను కదా! మన వైపే అన్నావు కదా వదినా!"

"మన వైపే అన్నాను. అటే తిరుగుతోంది."

"నేనూ మన వైపే పెట్టాను!"

"మన వైపు ఏది?" అని అరిచాను నేను.

ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఆవిడ వేలు తను రోజూ నిలబడే తలుపు వైపుకి, అతని వేలు వెనక తన అద్దాల గది ఉన్న గోడ వైపుకి. నాకు ఆ క్షణాన ఇద్దరి తలలూ పట్టుకుని ఢీకొట్టించాలనిపించింది.

అదే "మా వైపు" అని ఉంటే అతను ఆగి, మీ వైపంటే ఎటని అడిగేవాడు. మన అంటే విన్నవాడు కూడా అందులోనే ఉన్నట్టు కదా, ఇక అడిగేదేముంది? అలాగని వదినను ఏమనగలను? ఆమె నోట "మా" రాదు. నేను పెట్టె పట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చిన రోజున గుమ్మంలో అన్నయ్య ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోతే, "మన ఇంటికి రావడానికి పిలుపు కావాలా, లోపలికి రా" అన్నది ఈవిడే. ఆ మాట మీదే నేను బతికాను. ఇవాళ అదే మాట ఆవిడ కొంప ముంచబోతోంది.

వదిన సుద్దముక్క తీసుకుంది. మిషన్ ముందువైపు రేకు మీద పెద్ద అక్షరాలతో "తలుపు" అని రాసింది. చుట్టూ తిరిగి వెళ్లి వెనక "గోడ" అని రాసింది.

"ఇకమీదట మిషన్ దగ్గర మన, మీ, మా ఏవీ వద్దు. తలుపు వైపు, గోడ వైపు. అంతే. రోటరీ తలుపు వైపు తిరుగుతోంది. మీ తెర మీద ఎటు తిరుగుతోందో చూడండి."

"మీ" అనేసి తనే నాలుక కరుచుకుంది. అంత గాభరాలోనూ అద్దాలాయన నవ్వాడు. పైకి పరుగెత్తి, ప్రోగ్రాంలో తిరిగే దిక్కు మార్చి, తెర మీద మళ్లీ మొదటినుంచి నడిపించి చూశాడు. వదిన తొందరపెట్టలేదు. కిందనుంచి ఫోన్‌లో ఒక్కో వైపునూ అడిగి, చెప్పించుకుని, తనూ చెప్పి, అప్పుడు గాని రెండో దిమ్మె పెట్టలేదు. గడియారం వంక చూసింది నేనే. తల ప్రాణం తోకకొచ్చింది.

పచ్చదీపం వెలిగింది. ముక్క నా బల్ల మీదికి వచ్చింది. ఈసారి కొలతలు తరవాత, ముందు మూత పెట్టాను. చప్పుడు లేకుండా కూర్చుంది. కొలిచాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ కొలిచాను, నా ఉద్యోగం అది. దొరకలేదు. నేను ఓకే ముద్ర వేసి యజమాని చేతిలో పెడుతుంటే గంట కొట్టారు.

ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, తెరిచి ఉన్న మిషన్‌లోకి చూసి, కాలి మీట చూశాడు. సంతోషం ఆపుకోలేకపోయాడు పాపం.

"భలే చేశావు వదినా! దిమ్మె పెట్టడం, మీట నొక్కడం, ఇంతే కదా. ఇక దీని దగ్గర ఎవర్ని నిలబెట్టినా ఒకటే!"

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆయనకు తెలియలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత చేసింది తన చోటు తనకు దక్కాలనే కదా, తను లేకపోయినా పరవాలేదనిపించుకోవడానికా? ఒంటికాలి మీద లేవబోయాను. వదిన ఎడమచేత్తో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిజమే సార్. ఎవరైనా చాలు. కొత్తవాళ్లని పెట్టండి, నేర్పిస్తాను."

"మరి నువ్వు?"

భోజనానికి పోకుండా ఇంకా పనిలోనే ఉన్నాడు పక్క మిషన్ మీది పెద్దాయన. హ్యాండిల్ మీదికి వంగి, ఒంటి బరువంతా వేసి బిగిస్తున్నాడు. బిగించాక చెయ్యి విదిలించుకుని, మోచెయ్యి రుద్దుకున్నాడు. వదిన ఆయన వైపే చూస్తూ మాట్లాడింది.

"ఆ మిషన్ నాకివ్వండి. దానికీ రోటరీ పెడతాను. నా భుజం పోయాక నా మిషన్ బాగుపడింది. ఈ పెద్దాయన చెయ్యి పోయేదాకా ఆగొద్దు సార్."

నడుస్తున్న మిషన్ ఒక్క నిమిషం ఆగిందంటే ప్రాణం పోయినట్టు గిలగిల్లాడే మనిషి మా యజమాని. తన చేతులతో మిషన్ ఆపగా మేమెవరం ఎప్పుడూ చూడలేదు. చేతిలో ఉన్న ముక్కను నా బల్ల మీద పెట్టి, పక్క మిషన్ దగ్గరికి నడిచి, పెద్దాయన్ని చేత్తో కొంచెం పక్కకి జరిపి, తనే స్విచ్ ఆపేశాడు.